పెన్సిలాయన

కూర్చోవే, ఎలా ఉంది కొత్త ఉద్యోగం? బడ్జెట్టు పనిలో వేశారా? సరిపోయింది, ఈ తాత ముప్ఫై ఏళ్ళు అరగదీసిన కుర్చీలే అవి. అప్పట్లో లెక్కల అధికారి ఒకాయన ఉండేవాడు, పెన్సిలాయన అనేవాళ్ళం. ఆయన వచ్చేనాటికి మున్సిపాలిటీకి రాబడి మూరెడు, ఖర్చు బారెడు. మూడు నెలలుగా జీతాల్లేవు, మీ నాయనమ్మ నాతో మాట్లాడ్డం మానేసింది. ఈయన ముందు తన జీపుకే గీత పెట్టి సైకిలెక్కాడు. అందరూ నవ్వారు. రెండేళ్ళు తిరిగేసరికి ఒకటో తారీఖుకల్లా జీతాలు చేతిలో పడ్డాయి.

ఏం చెబుతున్నాను? ఆఁ, గీత. ఏ ఖర్చు కొట్టేయాలన్నా ముందు పెన్సిల్తో గీసి, ఆ శాఖవాళ్ళకి కబురు పెట్టి మూడు రోజులు ఆగేవాడు. వాళ్ళొచ్చి పోట్లాడితే చెరిపేసేవాడు, రాకపోతే దానిమీదే సిరా గీత. "పోట్లాడ్డానికి మనిషే రాని ఖర్చు ఉత్త ఖర్చోయ్" అనేవాడు. ఆ కబుర్లు మోసేవాణ్ణి నేనే.

ఒక ఏడు మురుగుకాలవల మూతలు మార్చే ఖర్చు మీద గీత పడింది. మూతల మేస్త్రి ఉండేది ఊరవతల పంపుహౌసులో. నోట్లో నాలుక లేని మనిషి, అయినా చెబితే వచ్చేవాడే. ఎండ మాడ్చేస్తోంది, రేపు వెళ్దాంలే అనుకున్నాను. రేపు ఇంకేదో పని తగిలింది. మూడోరోజు సాయంత్రం ఆయన "మేస్త్రికి చెప్పావా?" అన్నాడు. చెప్పానండీ అన్నాను. సిరా పెట్టేశాడు.

వానలొచ్చాయి. బడి వీధిలో మోకాటిలోతు నీళ్ళు, పగిలిన మూత ఎప్పుడో కొట్టుకుపోయింది. దర్జీ కూతురు, ఏడేళ్ళది, బడి నుంచి వస్తూ ఆ మూతలేని కాలవలో పడిపోయింది. రెండు వీధుల అవతల దొరికింది. ఆ దర్జీ మెడలో టేపుతోనే వచ్చి మన ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు.

విచారణలో మేస్త్రి తనకెవరూ చెప్పలేదని ఏడ్చాడు. పెన్సిలాయన నావైపు ఒకసారి చూశాడు. తల దించుకున్నాను. "కబురు పంపడం నేనే మర్చిపోయాను" అన్నాడు. ఉద్యోగం ఊడింది, పెన్షనూ పోయింది. వెళ్తూ వెళ్తూ సైకిలు తాళం తీస్తూ, "మేస్త్రి రాలేదంటే ఎందుకు రాలేదని నేనడగాల్సింది కదోయ్" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు. రెండేళ్ళకి పోయాడు. నేను వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? అప్పటికి నాకు ప్రమోషనొచ్చింది కూడాను.

మీ నాయనమ్మక్కూడా చెప్పలేదే ఇది. అవునూ, ఇప్పుడు మీ ఆఫీసులో కబుర్లు ఎవరు మోస్తున్నారు? నువ్వేనా...

ఆ కిటికీ వేసెయ్యమ్మా, జల్లు లోపలికి కొడుతోంది.