ఏడో నంబరు గడియారం

నంద్యాల, 1981 ఎండాకాలం. గోస్పాడు బడి దేవసహాయం సారు ముంజేతికి రుమాలు చుట్టుకొని, మద్దిలేటి గడియారాల బంకు ముందు నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు.

“ఎవరూ చూస్తాండ్లేదు గదా?”

“ఈ ఎండలో ఎవరు చూస్తారు సారూ? చేతికి దెబ్బ తగిలిందా?”

“దెబ్బ గాదప్పా, గడియారం. మెల్లగా పట్టుకో! లోకం మొత్తానికి వందే చేసి, అచ్చు పగలగొట్టేసినారంట.”

“ఎవరు చెప్పినారు?”

“అమ్మినాయనే. ఆళ్లగడ్డలో. కువైట్ నుంచి దిగినాడు. బయట తెలిస్తే దొంగలు పడ్తారు, దాచిపెట్టుకో అన్నాడు. ఎనక చూడు, వందలో ఏడోదని చెక్కినారు. ఏడు!”

“...ఏడే.”

“ఏందీ, అట్ల నీరసంగా అంటావ్?”

“ఏం లే. దీనికేమైంది?”

“నడుస్తాంది, నిలబడ్తాంది. ఆదివారానికి బాగుండాల. మందిరంలో వాక్యం చదివేది నేనే. చెయ్యి ఇట్ల పైకెత్తి చదువుతా. మా బావమర్ది రాజరత్నం ముందు వరసలో కూచ్చుంటాడు. పోయిన క్రిస్మస్‌కు కొత్త రేడియో సంకన బెట్టుకోని ప్రార్థనకొచ్చినోడు! ఆయప్ప చూడాల. దొంగలు పడితే పడనీ.”

“సారూ, ఆపొద్దు నిండు చేతుల చొక్కా ఏసుకోండి.”

“ఈ ఎండలోనా? ఎందుకు?”

“ఊరికే. గుండీలు గూడా పెట్టుకోండి.”

“మద్దిలేటీ, నా మొగం చూసి చెప్పు. దొంగ సరుకా?”

“సరుకు మంచిదే సారూ. కాకపోతే ఏడో నంబరుది ఇంకోటి చూసినా.”

“ఇంకోటా!”

“ఇంకో... పద్నాలుగు.”

“పద్నాలుగా!”

“అన్నీ ఏడే. అందరూ రుమాలు చుట్టుకోనే వచ్చినారు.”

“ఎవరెవరు?”

“చెప్పగూడదు. ఒట్టేయించుకున్నారు.”

“పాస్టరయ్య?”

“ఒట్టేసినా గదా సారూ.”

“పాస్టరయ్య గూడానా!”

“ప్రసంగం ఈ మధ్య పొడుగైతాంది గదా సారూ. ఆయన గడియారం అరగంట ఎనకబడి నడుస్తాండె.”

“మా రాజరత్నం?”

“టీ తాగుతారా?”

“నెల నుంచి నిండు చేతుల చొక్కాలేసుకోని తిరుగుతాండాడు! చెమటకు తడిసి ముద్దైతాండాడు! ఆయప్పదీ ఏడేనా? చెప్పు!”

“...ఏడే.”

“హహ్హా! చాలప్పా, నాకదే చాలు! నా పరువు పోతే పోనీ, ఆయప్పది గూడా పోతాది. ఆదివారం నా చొక్కా మోచేతి దాకా మడుస్తా. ఆయప్పది గూడా నేనే మడుస్తా, అందరి ముందర! బిరీన బాగుచెయ్!”

“ఆయన చేతికి యాడుంటాది సారూ? నిన్ననే నాకు తెచ్చిచ్చినాడు.”

“రిపేరుకా?”

“రిపేరుకు గాదు. మీ గడియారం సంగతి మీ ఇంటామె కృపావతమ్మ చెప్పిందంట. లోకంలో మీ ఇద్దరివే ఏడో నంబరువి అనుకున్నాడు పాపం. తనదాని ఎనకున్న నంబరు ఆకురాయితో అరగదీయమన్నాడు. ‘మా బావ ఆదివారం చెయ్యెత్తి చదువుతాడు మద్దిలేటీ, ఏడోది ఆయనదొక్కటే ఉండనీ’ అన్నాడు.”