మా హుడాక్ రాసిన లిస్టు

ఏంటోయ్, ఇంకా ఆ కాయితం ముందరే కూర్చున్నావా? ఎనిమిది పేర్లు టకటకా రాసేసి తొమ్మిదోదాని దగ్గర పెన్సిలు నములుతున్నావ్. ఆ బెంచీ మీది బక్కోడి గురించేనా? బ్యాటు చేతకానోణ్ణి అట్టడుక్కి నెట్టడం ఎవడికైనా వస్తుంది నాయనా, దానికి మేనేజర్ ఎందుకు? మా హుడాక్ ఉండాల్సింది. యూర్కో హుడాక్. నువ్వు పుట్టకముందే పోయాడులే. మా గని బేస్‌బాల్ జట్టుకి ఆయనే మేనేజర్. జేబులో ఎప్పుడూ ఉల్లిపాయ ఉండేది, యాపిల్ పండు కొరికినట్టు కొరికేవాడు. పక్కన కూర్చుంటే కళ్ళమ్మట నీళ్ళే. ఆఁ, ఏం చెబుతున్నా? లిస్టు, ఎవడి తర్వాత ఎవడు బ్యాటు పట్టాలో రాసే లిస్టు.

అప్పట్లో కంపెనీ తరఫున బంతాడేవాళ్ళకి గనిలోకి దిగే పని ఉండేది కాదు, పైనే ఏదో ఒకటి ఇచ్చేవాళ్ళు. నాకు వడ్రంగి కొట్టంలో. హుడాక్‌కి బొగ్గు బండ్లు తూచే పని. మీకో సాబోల్ అని ఒకడు, వాడికి దీపాల కిటికీ దగ్గర. దిగేవాడు ఇత్తడి బిళ్ళ ఇస్తే దీపం అందివ్వాలి, అంతే. ఆరేళ్ళు లోపల తవ్వి తవ్వి దగ్గితే నల్లగా పడేది పాపం. మళ్ళీ దిగితే ఏడాది బతకవని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అందుకని హుడాక్ వాణ్ణి బెంచీ మీద పెట్టుకుని కాపాడుకొస్తున్నాడు. ఆటా? సీజన్ మొత్తానికి ఒక్క హిట్టు లేదు! ఒకరోజు సూపరింటెండెంటు దొర వచ్చి, "హుడాక్, పైన మీ వాళ్ళకి పదకొండు పనులే. బాగా కొట్టేవాణ్ణి ఒకణ్ణి తెస్తున్నా, చోటు కావాలి. ఈ ఆదివారం ఆట చూస్తా. నీ సాబోల్ ఏమీ చెయ్యకపోతే సోమవారం దిగుతాడు" అనేశాడు.

ఆ ఆదివారం అవతల బంతి విసిరే పిచర్ తాడిచెట్టంత మనిషి, మూడు వారాలుగా ఎవడికీ లొంగలేదు. హుడాక్ లిస్టు గోడకి కొట్టాడు. చూస్తే మొదటి పేరు సాబోల్, రెండోది నేను! నా చోటయ్యా అది, నాలుగేళ్ళుగా నా చోటు. ఒళ్ళు మండిపోయింది. "చీపురుకీ బ్యాటుకీ తేడా తెలీనోడు నాకంటే ముందా?" అని నలుగురిలో అరిచా. హుడాక్ ఉల్లిపాయ నములుతూ, "వెండెల్, నువ్వు కొడతావ్ గానీ చూడవురా. వాడు కొట్టలేడు గానీ చూస్తాడు. ముందు చూసేవాడు పోవాలి, వెనక కొట్టేవాడు పోవాలి. నోరు మూసుకుని కూర్చో" అన్నాడు.

ఇంక చూడు! మూడో స్ట్రయిక్‌కి అవుట్ గానీ, రెండు పడ్డాక బంతిని ఊరికే తాకించి గీత బయటికి పంపుతున్నంతసేపూ అవుట్ కాడుగా, సాబోల్ అదే పని పెట్టుకున్నాడు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, ఒకటి బెంచీల మీదికి. మధ్యలో ఆగి దగ్గుకోవడం, మళ్ళీ నిలబడటం. పదహారు బంతులయ్యా! వేలు మడిచి లెక్కపెట్టా. పదిహేడోదానికి అవుట్. ఈలలు, నవ్వులు. వాడు మాత్రం నా పక్కనించి పోతూ, "వంపు బంతి వెయ్యబోయే ముందు నాలుక బయటపెడతాడు, చూసుకో" అని గొణిగాడు. చూశా. నిజంగానే నాలుక! దేవుడి సాక్షి! కొడితే కంచె దాటి వాగులో పడింది. నాలుగుసార్లు వచ్చాడు సాబోల్, నాలుగుసార్లూ అన్నేసి బంతులు వేయించే అవుటయ్యాడు. కానీ ఆరో ఇన్నింగ్స్‌కల్లా ఆ పిచర్ చెయ్యి లేవట్లేదు. ఆ వాలిపోయిన చెయ్యి హుడాక్‌కి పొద్దున్నే ఎలా కనిపించిందో, ఇప్పటికీ నాకు అంతుబట్టదు.

గెలిచాం. దొర వచ్చి నా వీపు చరిచి, "చేతిలో ఏం మహిమ ఉందోయ్ నీకు!" అన్నాడు. హుడాక్ అందుకుని, "మహిమ సాబోల్‌ది దొరా. వాడు చూసి చెబితేనే వీడు కొట్టాడు. కావాలంటే వీణ్ణే అడగండి" అన్నాడు. దొర నావైపు తిరిగాడు. ఒక్క మాట... నాలుక సంగతి చెబితే చాలు. నేనేమన్నానో తెలుసా? "అంతా చెయ్యి తిరగడమే దొరా." వయసు అలాంటిది అనుకుందామంటే పాతికేళ్ళోణ్ణి, అంత చిన్నవాణ్ణేం కాదు. దొర నవ్వి వెళ్ళిపోయాడు. హుడాక్ దొర వెనకాలే నడిచాడు.

సోమవారం పొద్దున కొట్టంలోంచి చూస్తున్నా. కిటికీలో ఇంకెవడో ఉంటాడనుకున్నా. సాబోలే ఉన్నాడు! దిగేవాళ్ళ వరసలో, చంకలో అన్నం డబ్బాతో, మా హుడాక్. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. తన తూకం పని ఆ కొత్తోడికి ఇచ్చేశాడు. బిళ్ళ కిటికీలో పెట్టాడు. సాబోల్ దీపం ఇవ్వడే! ఏడుస్తున్నాడు. "ఇవ్వరా, వెనక జనం ఆగారు" అని కసిరి, తనే చెయ్యి పెట్టి లాక్కున్నాడు.

మూడేళ్ళు దిగాడు. అంతే, తర్వాత మనిషి లేడు. సాబోల్ డెబ్బై ఒక్క ఏళ్ళు వచ్చేదాకా బతికాడు. ఆ మూడేళ్ళూ ప్రతి ఆదివారం లిస్టు హుడాకే రాసేవాడు, మొదటి పేరు సాబోల్, రెండోది నేను. కాయితం మీద బొగ్గు వేలిముద్రలు. ఒక్కసారి... ఒక్కసారన్నా నన్ను తిట్టలేదయ్యా.

ఊఁ. మబ్బు పట్టింది చూడు. మైదానం మీద పట్టా కప్పమని చెప్పావా లేదా?