పంతొమ్మిది తప్పులు

మాకు పెళ్లయి పదిహేను రోజులు. నరసరావుపేటలో మామయ్య విత్తనాల షాపు కోసం నేను చేసిన యాప్‌ను సాయంత్రం ఆయనకు చూపించాలి. ముందుగా మా ఆయన లాప్‌టాప్‌లో తప్పులు వెతికే కమాండ్ కొట్టాడు.

"ఏందే, పంతొమ్మిది చూపిస్తంది!"

"అయ్యో! మొత్తం నేనే రాశానని మామయ్యకు చెప్పానండీ."

"కంగారుపడమాక. అన్నీ నువ్వు నెట్‌లోంచి తెచ్చి వాడుకున్న కోడ్‌లోవే. కొత్త వెర్షన్లు వేస్తే పోతాయి."

"అంటే నేను రాసిన దాంట్లో ఒక్కటీ లేదు! చూశారా?"

"నువ్వు రాసింది ఇది చూడదే. లోకానికి ముందే తెలిసిన తప్పులనే పట్టుద్ది."

"మరి నావి?"

"నీ యాప్ ఇంతవరకూ ఎవరు వాడారని తెలియడానికి? సాయంత్రం మా నాన్న చేతిలో పడితే అన్నీ బయటికొస్తాయి."

"రానీండి. అవైతే అరువు తెచ్చినవి కావని ధైర్యంగా చెప్పుకుంటా!"