బర్కత్ ఉన్న బండి

హలో… ఆ, నేనే. నా ఫోన్ నేను కాక ఇంకెవరెత్తుతరు?

చెప్పు కాశిఫ్.

… ఆపా, ఆపా అని ఊకె అంటానవ్, అంటే ఏదో పని పడ్డది. పని లేనప్పుడు ఈ అక్క నీకు యాదికి రాదు.

… లే, బేరంల లేను. ఇయ్యాల మిర్చి మార్కెట్‌కు సెలవు. దుకాణంల పాత గోనె సంచులు దులిపిస్తాన. గా చప్పుడే అది. చెప్పు.

ఎవరు?… శామ్యూలన్ననా? మన కాజీపేట శామ్యూలన్న? రైళ్ళల్ల టికెట్లు చూసి చూసి మొన్న రిటైరైండు, ఆయనేనా?

ఆయనకేంది?

… నీ బండి కొంటడా!

నవ్వుతలేను. గొంతుల దుమ్ము పోయింది… సరే, నవ్వుతాన.

గదే గద, హైదరాబాద్‌ల ఎవరో వాడి వదిలేస్తే కొనుక్కొచ్చినవ్, ఆ డీజిల్ స్పోర్ట్స్ బండి?… ఆ, సెడాన్. సెడానే. బండి అంటే దానికి కోపమొస్తదా?

మరి నన్నేం చెయ్యమంటవ్?

… ఒక్క మాట. "బండి మంచిదే" అని.

నా మాటైతే నమ్ముతడా? నమ్ముతడు. ఎందుకు నమ్ముతడో తెలుసా? వాళ్ళ మామ మిర్చికి సంచులన్నీ నా దగ్గర్నే కొంటడు. చిరిగిన సంచిని మంచి సంచని ఎన్నడు అమ్మలే నేను. చిరిగిందని చెప్పే అమ్మిన. ఇప్పుడు నువ్వు నా మాటను ఎత్తుకపోయి నీ బండికి స్టిక్కర్ లెక్క అతికిస్తనంటానవ్.

… సరే. అమ్మేటోళ్ళు సరుకేందో తెలుసుకోవాలె గద. చెప్పు. ఏమేం చేపిచ్చినవ్ దానికి?

… ఆ, ఎత్తు తగ్గించి కిందికి దింపిచ్చినవ్. తెలుసు. నాకన్న అమ్మీకి ఇంకా బాగ తెలుసు. మొన్న హసన్‌పర్తి పెండ్లికి తీసుకపోయినవ్ గద. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా "అమ్మీ, జర దిగు" అన్నవట. దిగుడు, నడుసుడు, మళ్ళ ఎక్కుడు. బస్సుల పోతే ఇంత నడక లేకుండె బిడ్డా అన్నది నాతోని.

… తక్కువ ఎత్తుంటే రోడ్డును పట్టుకుంటదా? పట్టుకుంటది, పట్టుకుంటది. అది రోడ్డును పట్టుకున్న చప్పుడు గల్లీ మొత్తం ఇన్నది.

ఇంకా?… నాలుగు సైలెన్సర్లు. మంచిగుంది. కాశిఫ్, ఒక్కటడుగుత. ఆ నాలుగిట్ల పొగ ఎన్నిట్లకెళ్ళి వస్తది?… చెప్పు… ఒక్కదాంట్లకెళ్ళే. మిగిలిన మూడు?

… "లుక్కు". అంటే ఉత్త గొట్టాలు.

వెనకాల రెక్క ముచ్చట మరిచిపోయినవ్. దానిమీద అమ్మీ దుప్పట్టాలు ఆరేస్తాంది. నువ్వు పెట్టిచ్చినయన్నిట్ల అదొక్కటే పనికొచ్చింది.

… సరే, అలగకు. ఇంజన్ సంగతి చెప్పు.

లాప్‌టాప్ పెట్టి పవర్ పెంచిపిచ్చినవ్. గంత పవర్‌తోని రోజు యాడికి పోతవ్?… హన్మకొండ చౌరస్తా. చాయ్. మళ్ళ ఇల్లు. ఏసీ కోసమని బండి బందు పెట్టకుంటా అండ్లనే కూసొని దోస్తులతోని ముచ్చట్లు. గుర్రాన్ని కొనుక్కొచ్చి చాయ్ హోటల్ ముంగట కట్టేసినట్టున్నది నీ కథ.

… మంచేదన్న ఉంటే చెప్పు మరి. శామ్యూలన్నకు చెప్పాలె గద నేను.

ఆయిలా?… తగ్గదా? మంచిదే…

ఏందీ? మళ్ళ చెప్పు.

పెరుగుతాందా!

… నువ్వు పొయ్యలే. మెకానిక్ పొయ్యలే. ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూస్తే పోయిన నెలకన్న పైకొచ్చింది. ఇంజన్ ఆయిల్ దాని అంతట అదే పెరిగింది… బర్కతా? దేవుని దయతోని బండిల బర్కత్ ఉన్నదంటవ్. గదే శామ్యూలన్నకు చెప్పమంటవ్.

కాశిఫ్. ఇప్పుడు నవ్వుతలేను.

నా దుకాణంల సంచుల కట్ట పొద్దుగాల్ల లేపితే బరువెక్కిందనుకో, బర్కతని సంబురపడను. పైన రేకు యాడ కారిందో చూస్త. ఊకెనే పెరిగిందంటే అండ్ల వేరేదేదో కలిసింది. నీ ఆయిల్‌ల ఏం కలుస్తాంది?

… తెల్వదు. వాసన చూసినవా? బండి కాడనే ఉన్నవ్ గద, కడ్డీ తియ్యి. నేను లైన్‌లనే ఉంట…

పూలమ్మా, చిరిగినయి అటు పక్కకెయ్యి. మంచియట్ల కలపకు.

… ఆ, చెప్పు. డీజిల్ వాసనొస్తాంది… పల్చగ, నీళ్ళలెక్క ఉన్నది.

అయిపాయె.

ఒక్కటి నిజం చెప్పు. మీటర్ కాడ లైటేమన్న వెలిగిందా ఎన్నడన్న? పసుపు పచ్చ లైటు… వెలిగింది. మరి ఇప్పుడేది?

… లాప్‌టాప్‌తోని ఆర్పిచ్చినవ్! రోగాన్ని కాదు, లైటును! తూకం తక్కువ చూపిస్తాందని కాంటా ముల్లు ఇరగ్గొట్టినట్టు.

ఇను. మా పౌలు నడిపే సరుకు బండికి గూడ గా లైటున్నది. పొగ పోయే గొట్టంల మసి పట్టే జాలి ఉంటది. ఎప్పుడు మెల్లగనే నడిపితే అది నిండుతది. అప్పుడు బండి జర ఎక్కువ డీజిల్ పోసుకొని ఆ మసిని కాల్చుకోవాలె. కాలేదాక ఆపకుంటా ఉరికియ్యాలె. లైటు వెలిగిందంటే పౌలు స్టేషన్ ఘన్‌పూర్ దాకా ఒక్క ఊపున పోయొస్తడు. ఆరిపోతది. నువ్వేమో చౌరస్తా రాంగనే ఆపుతవ్. కాలకుంటా మిగిలిన డీజిల్ కిందికి దిగి ఆయిల్‌ల కలుస్తాంది.

గదీ నీ బర్కత్.

… ఏం గాదా? పల్చటి ఆయిల్‌తోని ఇంజన్ లోపల్లోపల అరుగుతది. ఇంకా నిండిందనుకో, ఇంజన్ ఆ ఆయిల్‌నే తాగుడు మొదలుపెడతది. అప్పుడు తాళం తీసినా ఆగదు, ఉరుకుతనే ఉంటది. శామ్యూలన్న పక్కన భార్య మరియమ్మక్కను కూసోబెట్టుకొని హైవే ఎక్కుతడు, హైదరాబాద్‌ల బిడ్డ స్వప్నను చూడవోతడు. యాడ ఆగుతరు ఇద్దరు?

… వాళ్ళ నసీబా, వాళ్ళ రాతనా? మంచిది. గా మాట వాళ్ళ ముంగట అను.

కోపం కాదు. బాగయ్యే తోవ చెప్తాన. ఆయిల్ మార్పియ్యి. జాలి సాఫ్ చేపియ్యి. ఆర్పిన లైటు మళ్ళ పెట్టిపియ్యి. రోజు జర దూరం నడుపు… అంత దూరం పనేం లేదా? పని నేనిస్త. ఘన్‌పూర్‌కు నా సంచుల కట్టలు పోవాలె. డిక్కీల వెయ్యి, పట్టకపోతే రెక్కకు కట్టు. కాకపోతే స్పీడ్ బ్రేకర్ కాడ అవి అమ్మీ లెక్క దిగి నడవయి, గదొక్కటే తక్లీఫ్.

… అరుస్తవేంది! స్పోర్ట్స్ బండిల సంచులెయ్యొద్దని యాడ రాసున్నది?

ఆగు, ఆగు… దుకాణం ముంగట ఎవరో స్కూటర్ ఆపిన్రు…

రా అన్నా, రా. గా కుర్చీల కూసో. జర దుమ్మున్నది, తుడుసుకో.

కాశిఫ్, శామ్యూలన్న వచ్చిండు.

… మెల్లగ మాట్లాడుతవేంది? ఇంతసేపు బానే అరిచినవ్ గద.

ఏందన్నా?… ఓహో.

ఇన్నవా కాశిఫ్? పొద్దుగాలనే చెప్పినవట ఆయనకు, "మా ఆపాను అడుగు, బండి మంచిదని ఆమెనే చెప్తది" అని. నన్ను అడగకముందే నా మాట అమ్ముకున్నవన్నట్టు.

… ఇప్పటికి మంచిదని చెప్పి, తర్వాత చూసుకుందామా? తర్వాత ఎవరు చూసుకోవాలె? బండి ఆగినంక ఆయన నీ చౌరస్తాకు రాడు. ఈ కుర్చీలకే వచ్చి కూసుంటడు.

నేను మంచిదనను. చెడ్డదని గూడ అనను. బండి నీది. నువ్వే చెప్పు.

… ఆయిల్ పెరుగుతాందని ఒక్క మాట చెప్పు. మిగిలింది ఆయనే అడుగుతడు.

… తమ్మున్ని గద అంటానవా? తమ్మునివి గనుకనే ఫోన్ ఆయన చేతికిస్తాన. వేరేటోనివైతే ఈపాటికి నేనే చెప్పేస్తుంటి.

అన్నా, ఇగో. మా కాశిఫ్. బండి ముచ్చట వాడే చెప్తడు. ఇంజన్ ఆయిల్ సంగతి అడుగు… ఆ, ఆయిల్. చెవుకు పెట్టుకో.

పూలమ్మా, రెండు చాయ్ చెప్పు.

…

ఏమైందన్నా?… ఊకె హలో, హలో అంటానవ్.

కట్టయిందా?

… సిగ్నల్ మంచిగనే ఉన్నదన్నా. ఇప్పటిదాక అరిచిండు గద.

… నేనేం చెప్పాలె ఇంకా? ఫోన్ పెట్టేసి వాడే చెప్పిండు గద. కొన్నకాడికెళ్ళి ఆ బండి గురించి మావోడు చెప్పిన నిజం ఇదొక్కటే.

ఫోన్ ఆ సంచుల మీద పెట్టన్నా. చాయ్ వస్తాంది.