దానంతట అదే

పసిపిల్లల వార్డులో బాబు ఊపిరిని కనిపెట్టే యంత్రం పొద్దున ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి మళ్ళీ మొదలైంది. బాగుచేసే మనిషి దాని ముందు కూర్చున్నాడు. తల్లి బాబు పక్కనే నిలబడింది.

“ఎందుకాగిందన్నా?”

“తెలీట్లేదమ్మా. లోపలి కంప్యూటర్ కుప్పకూలేటప్పుడు ఏం జరిగిందో రాసిపెట్టాలి. అందుకు మెమరీలో కాస్త చోటు ముందే పక్కన పెట్టుకోవాలి. ఇందులో లేదు.”

“ఎవరు పెట్టాలి?”

“ఎవరూ అక్కర్లేదు, ఆటోమేటిక్. దానంతట అదే చూసుకుంటుంది. చిన్న మిషను కదా, ఉన్న మెమరీ తనకే చాలదని ఆ చోటుని సున్నా చేసుకుంది.”

“దానంతట అదే అంటే ఎవరూ చూడలేదనేగా! పొయ్యి మీద పాలూ వాటంతట అవే పొంగిపోతాయి.”

“నిజమేలే తల్లీ. ఇప్పుడు నేనే చేత్తో కాస్త చోటు పక్కన పెట్టాను.”

“ఇంక ఆగదుగా?”

“ఆగితే, ఈసారి ఎందుకాగిందో తెలుస్తుంది.”

“నేనడిగింది అది కాదన్నా.”

“తెలుసమ్మా. వేరే మిషను ఖాళీ లేదు. నేను పెట్టింది పనిచెయ్యాలంటే దీన్నొకసారి ఆపి మొదలెట్టాలి. కాసేపు తెర నల్లగా ఉంటుంది, కంగారుపడకు. నర్సమ్మ కూడా ఇక్కడే...”

“మాట్లాడకన్నా. వీడి ఊపిరి వినాలి.”