చెరోకీల తరఫున కాశమ్మ తాగిన కాఫీ

"అన్యాయం జరిగింది చెరోకీలకు. 1838లో. అమెరికాలో వాళ్ల ఇళ్లలోంచి వాళ్లనే తుపాకీలు చూపించి వెళ్లగొట్టి, పడమటికి నడిపించినారు. దారి పొడుగునా వేలమంది పోయినారు. మీలో ఎవురికన్నా తెలుసునా? తెలీదు. టీ తాగండి, చెప్తా."

ఒమాన్ దేశంలో, అల్ మవాలేలో వీరబ్రహ్మం టీ కొట్టు ముందు, శుక్రవారం సాయంత్రం కాశమ్మ ఇట్లా మొదలుపెట్టింది. ఒక అమెరికా టీచరమ్మ ఇంట్లో ఆమెకు వంటపని. ఆ ఇంట్లో పుస్తకం కనిపిస్తే వదలదు. వచ్చే నెల తెలుగువాళ్ల సభలో ఎవరి జిల్లా చరిత్ర వాళ్లు చెప్పాలి, జిల్లాకు ఒక్కరే. కడప తరఫున పోయినేడు డ్రైవర్ ఓబులేసు మాట్లాడాడు. అందులో కడప కంటే ఓబులేసే ఎక్కువ. వంటమనిషికేం తెలుసని కాశమ్మను పక్కన పెట్టారు. ఈసారి మైకు ఆమెకు కావాలి. రిజర్వాయర్ కింద మునిగిన తన ఊరి పేరు అంతమందిలో ఒక్కసారి పలకాలి. ఎవరు మాట్లాడాలో తేల్చేది వీరబ్రహ్మం. అందుకే ఈ కథ.

"మా మేడమ్ చెరోకీ నాయకుల మీద యాడ పిలిస్తే ఆడ మాట్లాడతాది. పోయిన వారం పక్కింటి ఒమానీ పెద్దమ్మ నలుగురు చేరి మాట్లాడుకునే తన మజ్లిస్‌కు పిలిచింది. సూర్‌లో సముద్రం ఒడ్డున ఓడలు కట్టిన వంశం, పాత సంగతులంటే చెవి కోసుకుంటాది. మేడమ్ మాట్లాడతా మాట్లాడతా, చెరోకీ భాషకు అక్షరాలు కట్టినాయన పేరు మర్చిపోయింది. గడప కాడ నిలబడి నేనే అందించినా, సెక్వోయా అని. బడికి పోకుండానే అక్షరాలు చేసినోడు, నేను మరుస్తానా? అంతే, మేడమ్ కూర్చుని నన్ను నిలబెట్టింది."

ఏ భాషలో చెప్పినావని ఓబులేసు అడిగాడు.

"వంటింటి అరబ్బీలో. నీ మాదిరి హారన్ కొట్టి కాదులే. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? పెద్దమ్మ మనవరాలు లేచి చిన్న కప్పులో కాఫీ పోసింది. గౌరవం! తాగినా. మళ్లా పోసింది. వాళ్ల నాయకుడు జాన్ రాస్ వేలమంది పేర్లతో అర్జీలు పంపినా ఢిల్లీ లాంటి ఆ వాషింగ్టన్ చెవిన పెట్టలేదని చెప్తి, మళ్లా పోసింది. కూజా ఖాళీ. పక్కింటి కూజా తెచ్చిరి. వీధిలో కూజాలన్నీ ఎండె. నీళ్ల ట్యాంకర్ పిలిపించి దాంట్లో కాచిరి. యాలకుల వాసనకు యాడో దూరాన ఘాలాలో కంపెనీ బస్సులు యాడివాడ ఆగిపోతే, డ్యూటీ దిగినోళ్లంతా ముక్కు చూపిన దారిన నడిచొచ్చి, గోడలెక్కి కూర్చుని వినిరి. కడాకు సూర్ నుంచి ఓడే బయల్దేరింది, నిండా కాఫీ, తెరచాప మీద నా పేరు!"

పేరు అరబ్బీలోనా తెలుగులోనా అన్నాడు వీరబ్రహ్మం.

"చెరోకీ అక్షరాల్లో."

ఓబులేసు తన టీ కప్పు కింద పెట్టాడు. "అక్కా, తాగినాక కప్పు ఊపినావా?"

"ఎందుకు ఊపాల?"

"చాలని చెప్పేదానికి. ఊపకుండా చాపితే పోస్తానే ఉంటారు. నాకు జీతమిచ్చే అర్బాబ్ ఇంట్లో రోజూ చూస్తాండా. పాపం, ఆ పిల్ల చెయ్యి పడిపోయుంటాది."

కొట్టు కొట్టంతా పగలబడి నవ్వింది. కాశమ్మ ముఖం ఎర్రబడింది.

"నా మాటకు పోస్తాందనుకుంటి," అంది. ఆ వెంటనే ఓబులేసు వైపు తిరిగింది. "కాఫీ సంగతి వదిలెయ్. చెరోకీలను తరిమింది అబద్ధమా? మా ఊరు మునిగింది అబద్ధమా?"

ఓబులేసు తల అడ్డంగా ఊపాడు. "కాదక్కా."

వీరబ్రహ్మం కళ్లు తుడుచుకుంటూ ఫోన్ తీసి సభ వాళ్ల గ్రూపులో పెట్టాడు: కడప తరఫున కాశమ్మ. ముందు వరసలో ఓబులేసు ఖాళీ కప్పుతో కూర్చుంటాడు, అతను ఊపితే ఆమె ఆపాలి. సభ శుక్రవారం, నవంబర్ 21, 2025.