మూడు తెరల మీద ఒకే మాట

చనిపోయిన బావ టాబ్లెట్‌నీ, అక్క ఫోన్‌నీ, ఇంట్లో కంప్యూటర్‌నీ కలపడానికి తమ్ముడు పొద్దుటి నుంచీ కుస్తీ పడుతున్నాడు. మూడూ మూడు కంపెనీలవి.

"కలిశాయక్కా. ఒకదాంట్లో రాస్తే మూడింట్లోనూ కనపడుతుంది."

"మీ బావ ఉండగా ఉప్పూ నిప్పూలా ఉండేవిరా."

"ఇదేంటక్కా, 'గ్యాస్ కట్టేశావా' అని రాశావు?"

"నేనేం రాయలేదు. అలా అడిగేది మీ బావే."

"పాతదేదో వచ్చినట్టుంది."

అక్క అప్పటికే వంటింట్లోకి వెళ్లింది.

"స్విచ్‌లు ముట్టుకోకు. కిటికీలన్నీ తెరువు. పొయ్యి ఆరిపోయి గ్యాస్ వస్తోంది."

తమ్ముడు కిటికీలన్నీ తెరిచి వచ్చాడు. అక్క తన ఫోన్లో నిదానంగా 'కట్టేశాను' అని రాసింది. ఎవరూ ముట్టుకోని టాబ్లెట్ వెలిగింది.

"అక్కా, వీటిని విడదీసేయనా?"

"ఉండరా. ఇంకేదో రాస్తున్నారు."